మోటారు టైము మార్చే ముందు తలుపు తట్టండి: బోర్డు ఇళ్ళలో చిన్న రూల్ మార్చాలంటే జనాన్ని ఎలా అడగాలి

పొద్దున ఐదింటికి వేసే నీళ్ళ మోటారుని ఆరింటికి మార్చాం, అంతే. మా బ్లాకు ఇళ్ళవాళ్ళ సంఘం కమిటీలో ఏడుగురం కూర్చుని టీ చల్లారేలోపు తేల్చేసిన విషయం అది. మోటారు వేసే ఆయన సైకిల్ మీద దూరం నుంచి వస్తాడు, చీకట్లో కుక్కలు వెంటపడుతున్నాయమ్మా అన్నాడు, పాపం నిజమే కదా, ఒక్క గంటే కదా అనుకున్నాం. నోటీసు రాసి లిఫ్ట్ పక్కన అంటించాం. మూడో రోజు నేను తలుపు తీసేసరికి మా గుమ్మం ముందు ఖాళీ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి, వాటి వెనక మనుషులు ఉన్నారు. రాత్రికల్లా పైన ట్యాంకు ఖాళీ అవుతుంది, పొద్దున మోటారు వేస్తే గానీ కొళాయిలో చుక్క రాదు. మా బ్లాకులో కార్పొరేషన్ శుభ్రత పనికి వెళ్ళే ఇళ్ళు చాలా ఉన్నాయి, వాళ్ళు తెల్లారకముందే బయల్దేరాలి. ఆరో అంతస్తు అవ్వ ఒకామె అరవలేదు కూడా, మామూలుగానే అడిగింది: "స్నానం లేకుండా పోయినా పోతానమ్మా, పిల్లకి అన్నం ఎట్టా వండాల?"

మాది ఉత్తర చెన్నై, ఎనిమిది అంతస్తుల బోర్డు బ్లాకు, 96 ఇళ్ళు. సగం ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి పట్నం శుభ్రత పనికి వచ్చిన కుటుంబాలు కొన్ని, తర్వాత చిన్నాచితకా పనులకి వచ్చిన మాలాంటివాళ్ళం కొందరం. నేను ఇంట్లో కుట్టుపని చేసుకుంటూ మూడేళ్ళు సంఘానికి సెక్రటరీగా ఉన్నాను. బోర్డు అంటే గుడిసెల్లో ఉండేవాళ్ళకి ఇళ్ళు కట్టించే ప్రభుత్వ సంస్థ, 1970లో మొదలైన స్లమ్ క్లియరెన్స్ బోర్డు, 2021లో దాని పేరు తమిళనాడు అర్బన్ హ్యాబిటాట్ డెవలప్‌మెంట్ బోర్డు అని మార్చారు గానీ మా మెట్ల మీద ఇప్పటికీ 'కుడిసై మాట్రు వారియం' అనే అంటారు, ఆటోవాడికి కూడా అదే చెప్పాలి. కిందిది ఆ మూడేళ్ళలో తిట్లు తిని నేర్చుకున్న పద్ధతి. మీరు ఇలాంటి సంఘంలో ఉన్నా, మామూలు అపార్ట్‌మెంట్ కమిటీలో ఉన్నా చాలావరకు పనికొస్తుంది.

ముందు ఆ మార్పు ఎవరికి చిన్నదో చూడండి

చిన్న మార్పు అని మనం పేరు పెట్టేస్తాం. ఆ పేరు పెట్టేది ఎప్పుడూ మార్పు వల్ల ఏ ఇబ్బందీ పడని మనిషే, ఇది నా అనుభవంలో ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకని కమిటీలో ఎవరైనా "ఇది చిన్నదే" అంటే వెంటనే కాగితం తీసి ఇవి రాయండి: దీనివల్ల ఎవరు లేచే టైము మారుతుంది, ఎవరి చేతిలోంచి రూపాయి పోతుంది, ఎవరు తమ సామాను తీసి ఇంకోచోట పెట్టుకోవాలి, తప్పని తేలితే మళ్ళీ వెనక్కి తిప్పగలమా. ఆ నాలుగిటికీ ఎదురుగా 'ఎవరూ లేరు, తిప్పగలం' అని వస్తే నిజంగానే చిన్నది. రూల్ కాగితంలో ప్లంబర్ ఫోన్ నంబరు మారింది, నోటీసు బోర్డు లిఫ్ట్ పక్క నుంచి గేటు దగ్గరికి వెళ్ళింది, ఇలాంటివి. వాటికి ఎవరినీ అడగక్కర్లేదు, చెబితే చాలు. ప్రతిదానికీ తలుపు తడితే మూడో నెలకల్లా తలుపులు తీయడం మానేస్తారు, అప్పుడు నిజంగా అడగాల్సింది వచ్చినప్పుడు మీ మొహం చూసి "మళ్ళీ వచ్చారా" అంటారు.

పేర్లు రెండో మూడో వచ్చాయనుకోండి, ఆ ఇళ్ళకి ముందు వెళ్ళండి. పది మందికి పైగా వస్తే అందరినీ అడగాలి. డబ్బుకి సంబంధించినది మాత్రం ఇంటికి 20 రూపాయలైనా సరే చిన్నది కాదు. కింది అంతస్తువాళ్ళు "మేం లిఫ్ట్ ఎక్కం, మాకెందుకు లిఫ్ట్ డబ్బులు" అని అడిగే ప్రశ్నకి మీ దగ్గర సిద్ధంగా జవాబు లేకుండా మీటింగ్ పెట్టొద్దు. నాకు ఒకసారి గంటన్నర పోయింది, లిఫ్ట్ సంగతి పక్కకి పోయి ఎవరి కోడలు ఎవరిని ఏమందో అక్కడికి చేరింది.

ఇంకో గీత కూడా గీసుకోవాలి. సంఘాన్ని తమిళనాడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1975 కింద రిజిస్టర్ చేసి ఉంటే, దాని బైలాలు, అంటే సంఘం ఎలా నడవాలో రిజిస్టర్ చేసిన నియమాలు వేరు, మనం రోజూ పాటించే ఇంటి రూల్స్ వేరు. మోటారు టైము, మేడ తాళం, చెత్త డబ్బా ఎక్కడ పెట్టాలి, ఇవి రూల్స్. కమిటీ కాలం ఎన్నేళ్ళు, సంతకం ఎవరిది, ఇవి బైలాలు. బైలా మారాలంటే సభ్యుల ప్రత్యేక తీర్మానం కావాలి, రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి. 'చిన్న సవరణే' అని బైలాని మెట్ల మీద మాట్లాడి మార్చేస్తే అది చెల్లదు, తర్వాత వచ్చే కమిటీ మీ మీదకే తిప్పుతుంది.

మన చేతిలో లేనిది అడగొద్దు

ఇల్లు ఎవరి పేరున కేటాయించారు, బోర్డుకి ఎంత కట్టాలి, ఇవి సంఘం మార్చేవి కావు. అలాంటివి జనం అడుగుతారు, తప్పకుండా అడుగుతారు, ఎందుకంటే వాళ్ళ గుమ్మం ముందుకి కాగితం పెన్ను పట్టుకుని వచ్చిన మనిషివి నువ్వొక్కదానివే. విని రాసుకోండి, పైకి పంపిస్తామని చెప్పండి, కానీ "చూద్దాంలే" అనొద్దు. మనం ఊరికే అన్న చూద్దాంలేని వాళ్ళు మాట ఇచ్చినట్టే తీసుకుంటారు.

చట్టంలో ఉన్నదాన్ని కూడా ఓటుకి పెట్టొద్దు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వెయ్యకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది, పండగలకి ప్రభుత్వం ఏడాదిలో కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఇస్తే తప్ప. ఆడి నెలలో, అంటే తమిళుల లెక్కలో జూలై, ఆగస్టుల మధ్య, అమ్మవారి గుడి దగ్గర అంబలి పోసేటప్పుడు మా దగ్గర ప్రతి ఏడూ ఇదే గొడవ. మేం మొదటి ఏడు "పదింటికి ఆపేయాలా వద్దా" అని అడిగాం, వద్దని ఎక్కువమంది అన్నారు, ఇక ఆ తర్వాత ఆపమంటే మేం మాట తప్పినట్టు అయింది. రెండో ఏడు పదింటికి ఆపాలన్నది ముందే చెప్పేసి, స్పీకర్ ఏ వైపుకి తిప్పాలి, ఏ ఇంట్లో పసిబిడ్డ ఉంది, ఏ రోజుల్లో పొద్దున పాటలు వద్దు అని మాత్రమే అడిగాం. పదిమంది పది మంచి సంగతులు చెప్పారు, గొడవ కూడా అయింది గానీ స్పీకర్ దిక్కు గురించే అయింది. తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యడం కూడా అంతే: వేరు చెయ్యాలా అని కాదు, బకెట్ ఎక్కడ పెడితే మీకు వీలు అని అడగాలి.

మా బ్లాకులోనే పుట్టి పెరిగిన కుర్రాడు ఒకడు చదువుకుని లండన్ వెళ్ళి అక్కడ ఒక కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ లాంటిది) అద్దెకిచ్చే ఇళ్ళ ఆఫీసులో చేరాడు. బిందెల కథ ఫోన్‌లో చెబితే నవ్వి, అక్కా ఇక్కడ దీనికి చట్టమే ఉంది అన్నాడు. ఇంగ్లాండ్‌లో 1985 హౌసింగ్ చట్టం 105వ సెక్షన్ ప్రకారం, ఇళ్ళ నిర్వహణలో అద్దెదారుల మీద గట్టిగా ప్రభావం చూపే మార్పు ఏదైనా చేసేముందు కౌన్సిల్ వాళ్ళకి చెప్పాలి, వాళ్ళ అభిప్రాయం తీసుకోవాలి, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అద్దె ఎంత, సర్వీసు చార్జీ ఎంత అన్నవి ఆ సెక్షన్‌లోకి రావు. 'గట్టిగా' అన్నచోటే చిక్కంతా ఉందక్కా, చిన్న మార్పు అని రాసేసుకుంటే అడగక్కర్లేదు కదా, అందుకే ప్రతి ఆఫీసులో ఇది చిన్నదా పెద్దదా అని వాదించుకుంటారు అన్నాడు. మా కమిటీలో టీ తాగుతూ జరిగింది అక్కడ ఏసీ గదిలో జరుగుతుంది అన్నమాట.

వాడే ఇంకొకటి చెప్పాడు. 1985లో లండన్‌లోని బ్రెంట్ కౌన్సిల్ మీద బడుల మూసివేత విషయంలో ఒక కేసు నడిచింది, గన్నింగ్ కేసు అంటారు. అందులో స్టీఫెన్ సెడ్లీ అనే లాయరు నాలుగు మాటలు పెట్టాడు: నిర్ణయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే అడగాలి, ఎందుకు మారుస్తున్నారో తెలివిగా జవాబు చెప్పగలిగినంత వివరంగా చెప్పాలి, ఆలోచించుకోడానికి సరిపడా టైము ఇవ్వాలి, వచ్చిన జవాబుల్ని మనసుపెట్టి చూశాకే తేల్చాలి. 2014లో హారింగే కౌన్సిల్ మీద వచ్చిన కేసులో అక్కడి సుప్రీం కోర్టు కూడా ఈ నాలుగింటినే సరే అంది. మన చెన్నైలో అవి చట్టం కావు, నాకు తెలుసు. కానీ మోటారు విషయంలో ఆ నాలుగింట్లో మేం ఒక్కటీ చెయ్యలేదు. అందుకే రాసి బీరువా తలుపు లోపల అంటించుకున్నాను.

నోటీసు

అరపేజీ దాటొద్దు. మా మొదటి నోటీసులో "భద్రతా కారణాల దృష్ట్యా" అని రాశాం, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నాకే సరిగ్గా అర్థం కాలేదు. మెట్ల కింద స్కూటర్ బ్యాటరీలు చార్జింగ్ పెట్టడం గురించిన నోటీసు అది. తర్వాత అదే సంగతి ఇలా రాశాం:

"మెట్ల కింద రాత్రంతా స్కూటర్లకి చార్జింగ్ పెడుతున్నారు. నిద్రలో అక్కడ మంట లేస్తే మనందరం కిందికి దిగే దారి అదొక్కటే. అందుకని రాత్రి పది తర్వాత అక్కడ చార్జింగ్ వద్దని అనుకుంటున్నాం. ఇంకా ఏదీ తేల్చలేదు. మెట్ల కింద వద్దన్నది మాత్రం గట్టిగా అనుకుంటున్నాం, వేరే ఎక్కడ పెట్టాలి, ఏ టైములో అన్నది మీరు చెప్పండి. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం దాకా చెప్పొచ్చు. మూడో అంతస్తులో కుట్టుమిషన్ ఇల్లు, లేదా వాచ్‌మన్ దగ్గర నోట్‌బుక్."

ఇందులో ఏం మారుతుంది, ఎందుకు, ఏది తేలిపోయింది, ఏది తేలలేదు, ఎప్పటి దాకా, ఎవరికి చెప్పాలి, అన్నీ ఉన్నాయి. 'ఏది తేలిపోయింది' అన్నది దాచేస్తారు చాలామంది, గొడవ అవుతుందని భయం. దాచి అడిగితే తర్వాత అయ్యే గొడవ పెద్దది.

భాష సంగతి. మా దగ్గర తెలుగు ఇళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బళ్ళో తమిళమే చదువుకున్నారు. తెలుగువాళ్ళం కదా అని నేను ఎంతో అభిమానంగా తెలుగులో నోటీసు రాసి అంటిస్తే దాన్ని చదివింది నేనూ, ఒంగోలు నుంచి కొత్తగా వచ్చిన ఒక డ్రైవరూ. కాబట్టి కాగితం తమిళంలో, మాట తెలుగులో. ఒక నిమిషం వాయిస్ మెసేజ్ తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి చేసి వాట్సాప్‌లో పెట్టండి, నిమిషం దాటితే వినరు. గ్రూపులో ఇంటికి ఒక్క నంబరే ఉంటుంది, అది ఎక్కువగా మగవాళ్ళది, నీళ్ళు పట్టేది మాత్రం వాళ్ళు కాదు. మెసేజ్ కింద బొటనవేలు బొమ్మ పెట్టారు కదా అని ఒప్పుకున్నట్టు లెక్కేసుకోకండి, సగంమంది మెసేజ్ చూశామని పెడతారు. గూగుల్ ఫారం కూడా ఒకసారి ప్రయత్నించాం, 96 ఇళ్ళకి 11 జవాబులు, పదకొండూ పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళవే, అందులో ఇద్దరు మేడ మీద క్రికెట్ నెట్ కావాలని రాశారు.

ఎప్పుడు అడగాలి, ఎన్నాళ్ళు

తక్కువలో తక్కువ రెండు ఆదివారాలు మధ్యలో పడేలా చూసుకోండి. ఇంగ్లాండ్‌లో కౌన్సిల్ అద్దె ఒప్పందంలో షరతు మార్చాలంటే ముందు ఒక నోటీసిచ్చి అభిప్రాయాలు తీసుకుని, తర్వాత అమలుకి కనీసం నాలుగు వారాల ముందు ఇంకో నోటీసు ఇవ్వాలట. మనకి అంత అక్కర్లేదు, పదిహేను రోజులు చాలు, కానీ ఆ పదిహేను రోజులు ఏవన్నది ముఖ్యం. ఆడి నెల పండగ వారంలో వద్దు, మార్చిలో పదో తరగతి, ప్లస్ టూ పరీక్షలప్పుడు వద్దు. ఎండాకాలంలో వాన రూలు అడగొద్దు. బండ్లు గేటు పక్క పల్లంలో పెట్టుకోవచ్చా అని మే నెలలో అడిగితే అందరూ ఓ అన్నారు, నవంబరులో ఒక్క రాత్రి వానకి సైలెన్సర్ల దాకా నీళ్ళు, అప్పుడు "ఎవరు ఒప్పుకున్నారు దీనికి" అని నన్నే అడిగారు. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, 2015 డిసెంబరు ఎవరు మర్చిపోయారని, అయినా మేలో ఎవరికీ గుర్తుండదు. నీళ్ళ రూలు అయితే తిరగెయ్యండి: ట్యాంకులు నిండుగా ఉన్న జనవరిలో కాదు, లారీ నీళ్ళకి ఎదురుచూసే రోజుల్లో అడిగితేనే జనం ఆలోచించి చెబుతారు.

తలుపుల దగ్గర

అసలు పని ఇక్కడే. ఇద్దరు వెళ్ళండి, ఒకరైనా ఆడమనిషి, ఒకరైనా తమిళం బాగా వచ్చినవాళ్ళు. ఈ మార్పు ఎవరి ఆలోచనో ఆ మనిషిని తీసుకెళ్ళొద్దు, ఆయన వినడు, ఒప్పించడం మొదలుపెడతాడు. పై అంతస్తు నుంచి మొదలుపెట్టి కిందికి రండి. కింద మొదలుపెడితే నాలుగో అంతస్తుకే ఓపిక అయిపోతుంది, ఎప్పుడూ పైవాళ్ళే మిగిలిపోతారు, లిఫ్ట్ ఆగినా నీళ్ళు ఆగినా ముందు పడేది వాళ్ళే.

"దీనివల్ల నీకేమైనా ఇబ్బందా?" అని అడగొద్దు. లేదక్కా అంటారు, మర్యాదకి. మోటారు విషయంలో రెండోసారి తిరిగినప్పుడు నేను వేరేలా అడిగాను: "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి బయటికి పోయేదాకా ఏమేం చేశావు చెప్పు." అప్పుడు వచ్చాయి అసలు సంగతులు. ఒకామె నాలుగున్నరకే లేస్తుంది, ఇడ్లీ కొట్టుకి పిండి రుబ్బాలి. ఒకాయనకి రాత్రి డ్యూటీ, ఏడింటికి వచ్చి స్నానం చేసి పడుకుంటాడు, ఏడింటికి కొళాయిలో ధార సన్నగా ఉంటుంది. కార్పొరేషన్ పనికి పోయేవాళ్ళు బయటికి పోవడం ఒక్కటే కాదు, మధ్యాహ్నం వచ్చాక కూడా ఒళ్ళు కడుక్కోవాలి, ఆ పనికి అది తప్పదు, ఆ సంగతి మా కమిటీలో ఏడుగురిలో ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే ఏడుగురిలో ఒక్కరూ ఆ పని చేసే ఇంటివాళ్ళు కాదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం.

ఇంకో జాగ్రత్త. బోర్డు ఇళ్ళలో కేటాయింపు కాగితంలో పేరున్నవాళ్ళే అన్ని ఇళ్ళలో ఉండరు, అందరికీ తెలుసు, ఎవరూ అనరు. "మీరు ఓనరా, అద్దెకా" అని మొదటి ప్రశ్న వేస్తే ఆ తలుపు ఇక జన్మలో తెరుచుకోదు. మీరు ఎవరింటి గుట్టూ తవ్వడానికి రాలేదు, నీళ్ళ టైము గురించి వచ్చారు. తలుపు నంబరు రాసుకోండి, పేరు అడగొద్దు, ఆ ఇంట్లో ఇవాళ పడుకుని లేచే మనిషి మాటే ఆ ఇంటి మాట. బెంగళూరులో మారతహళ్ళి వైపు అపార్ట్‌మెంట్‌లో ఉండే మా తమ్ముడు దీనికి పూర్తి వ్యతిరేకం చెబుతాడు, వాళ్ళ అసోసియేషన్‌లో అద్దెకున్నవాళ్ళని అసలు గ్రూపులోనే చేర్చరట, నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది మాత్రం చాలా ఇళ్ళలో వాళ్ళేనట. కుక్కని లిఫ్ట్‌లో తీసుకెళ్ళకూడదని రూలు పెట్టారు, కుక్కలున్న ఇళ్ళు ఎక్కువగా అద్దె ఇళ్ళే, ఓనర్ల గ్రూపులో అందరూ ఒప్పుకున్నారు, అమలులో ఒక్కరోజు కూడా నిలవలేదు.

తలుపు దగ్గర చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాయండి. "మోటారు సమయం అనుకూలంగా లేదు" అని కాదు, "అన్నం ఎట్టా వండాల" అని. తర్వాత కమిటీలో చదివినప్పుడు తేడా మీకే తెలుస్తుంది. పక్కింటివాళ్ళ మీద ఫిర్యాదు చెబితే మాత్రం నంబరు రాయొద్దు, ఆ నోట్‌బుక్ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తెరుస్తారు.

మీటింగ్ కావాలంటే

కమ్యూనిటీ హాల్లో కుర్చీలు వేసి మైకు పెడితే ముందు వరసలో వచ్చి కూర్చునేది వార్డు పార్టీవాళ్ళు. వాళ్ళతో నాకు పేచీ లేదు, కాలవ తీయించాలంటే వాళ్ళే కావాలి, కానీ మేడ తాళం ఎవరి దగ్గర ఉండాలన్న విషయం వాళ్ళ ప్రసంగంలో కొట్టుకుపోతుంది. అందుకని మేం అంతస్తుకి పదిహేను నిమిషాలు, మెట్ల మలుపు దగ్గర నిలబడే మాట్లాడుకున్నాం, రాత్రి ఏడున్నర తర్వాత, పొయ్యి మీద కూర ఉండగానే. నిలబడి మాట్లాడితే ఎవరూ సాగదీయరు. ఆడవాళ్ళు గుమ్మంలోంచే మాట్లాడతారు, హాలుకి అయితే రారు, వచ్చినా మామగారు ఉంటే నోరు విప్పరు. మేడ మీద ఎండబెట్టుకునే వడియాలు, మిరపకాయల సంగతి మొత్తం గుమ్మాల్లోంచే వచ్చింది. మేడకి తాళం వేసి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెట్టాలని మగవాళ్ళ మాట. చీకటి పడ్డాక ఒంటరిగా ఉన్న వాచ్‌మన్ గదికి పోయి తాళంచెవి అడగాలంటే మా ఆడపిల్లకి ఎలా ఉంటుంది అని గుమ్మాల మాట. తాళంచెవి ఎనిమిదో అంతస్తులో ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది.

లెక్క ఎలా వెయ్యాలి

చేతులు లెక్కపెట్టి తేల్చేయొద్దు. స్కూటర్ చార్జింగ్ విషయంలో అరవైకి పైగా ఇళ్ళు పది తర్వాత వద్దన్నాయి, వద్దనడానికి వాళ్ళకి ఏ ఖర్చూ లేదు, స్కూటరే లేదు. కావాలన్నది ఐదు ఇళ్ళు, ఐదింటిలోనూ ఫుడ్ డెలివరీ కుర్రాళ్ళు, అర్ధరాత్రి వచ్చి చార్జింగ్ పెట్టకపోతే మర్నాడు బండి కదలదు. ఓటు వేస్తే అరవైకి ఐదు. కానీ అరవై మందికి కావాల్సింది చార్జింగ్ ఆగడం కాదు, మెట్ల దారి ఖాళీగా ఉండడం. అది విడదీసి చూడగానే దారి దొరికింది: గేటు పక్క బయటి గోడకి, పైన రేకు వేసి, పాయింట్లు పెట్టించాం, కరెంటుకి నెలకి ఇంతని ఆ ఐదుగురే కడతామన్నారు. ఎలక్ట్రీషియన్ చేత వైరింగ్ చేయించండి, మీ బావమరిది చేత కాదు.

నోట్‌బుక్‌లో ప్రతి జవాబు పక్కన రెండు గుర్తులు పెట్టుకోండి, ఇష్టమా కాదా అన్నది ఒకటి, ఎంత దెబ్బ అన్నది ఇంకొకటి. ఇష్టం లేదు గానీ సర్దుకుంటాం అన్నవాళ్ళని, దీనితో నా పని ఆగిపోతుంది అన్నవాళ్ళని ఒకే వరసలో లెక్కెయ్యకూడదు. ఒక్క ఇంటికి పని ఆగిపోతుందని వచ్చినా ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళి కూర్చోండి. కొందరు ఊరికే పెద్దది చేసి చెబుతారు, అదీ ఉంది, రెండోసారి వెళితే తెలిసిపోతుంది.

తలుపు తీయని ఇళ్ళు ఎన్నో కూడా రాయండి. మూడు వేర్వేరు టైముల్లో వెళ్ళాకే 'దొరకలేదు' అని రాయాలి, 'అభ్యంతరం లేదు' అని కాదు.

తిరిగి వెళ్ళి చెప్పడం

ఇది అందరూ ఎగ్గొడతారు, మేమూ ఎగ్గొట్టాం. రూలు మారిపోయింది, నోటీసు పడింది, అడిగినవాళ్ళకి తాము చెప్పింది ఏమైందో తెలియదు, వచ్చేసారి ఎందుకు చెబుతారు? ఒక కాగితం మీద మీరు చెప్పినవి ఇవి, వీటిలో ఇవి తీసుకున్నాం, ఇవి తీసుకోలేదు, ఎందుకంటే ఇందుకు, అని రాసి అదే లిఫ్ట్ పక్కన పెట్టండి, అదే వాయిస్‌లో పంపండి. తీసుకోనిదానికి కారణం నిజంగా రాయండి. డబ్బు లేక అయితే డబ్బు లేక అని, బోర్డు అనుమతి కావాలి అంటే అదే. క్రికెట్ నెట్ కుర్రాళ్ళకి కూడా జవాబు రాశాం, మేడ మీద పిట్టగోడ తక్కువ ఎత్తు, బంతి కోసం వంగితే ఎనిమిది అంతస్తులు అని. ఆ తర్వాత వాళ్ళే వాయిస్ మెసేజ్‌లు చేసిపెట్టడానికి వచ్చారు.

కొత్త రూలు ఫలానా తేదీ నుంచి, ఒక నెల చూసి మళ్ళీ మాట్లాడుకుందాం అని పెట్టండి, ఆ నెల తర్వాత నిజంగా మాట్లాడండి. తేదీ ముందు రోజు రాత్రి ఇంకోసారి వాయిస్ పంపండి, ఎవరో ఒకరు మర్చిపోయే ఉంటారు.

మోటారు చివరికి ఇలా తేలింది. కింది అంతస్తులో రిటైరైన మామ ఒకాయనకి ఎలాగూ నాలుగింటికే మెలకువ వస్తుంది, ఆయన నాలుగున్నరకి మోటారు వేసి ఐదింటికి ఆపుతాడు, సైకిల్ ఆయన తెల్లారాక వచ్చి ఆరున్నరకి రెండోసారి వేస్తాడు, మధ్యాహ్నం పని నుంచి వచ్చేవాళ్ళ కోసం ఒంటిగంటకి ఒక పావుగంట. మామకి ఆ నెల మెయింటెనెన్స్ మాఫీ. ఆయన షరతు ఒక్కటే, ఆదివారం తనని లేపొద్దు, ఆ రోజు సైకిల్ ఆయన వచ్చాకే నీళ్ళు. దానికి మళ్ళీ తిరిగాం అన్ని తలుపులూ. నాలుగో అంతస్తులో ఒక్క ఇల్లు మాత్రం కుదరదంది, పొద్దున్నే చర్చికి వెళ్ళాలి, నలుగురు పిల్లల్ని తయారుచెయ్యాలి. శనివారం రాత్రి డ్రమ్ము నింపుకోండి, డ్రమ్ము సంఘం కొనిస్తుంది అన్నాం. సరేలే అంది ఆమె, మొహం మాత్రం ముడుచుకునే ఉంది. నోట్‌బుక్‌లో ఆ తలుపు నంబరు ఎదురుగా 'ఒప్పుకుంది, ఇష్టం లేదు, నెల తర్వాత మళ్ళీ అడగాలి' అని రాసిపెట్టాం.